చిన్న పండుగలను చిన్నచూపు చూడొద్దు

వినాయక చవితి వస్తే నార్కట్‌పల్లిలో గల్లీకో మండపం లేస్తుంది. చందా పుస్తకం పట్టుకొచ్చిన పిల్లలను ఎవరూ ఉత్త చేతులతో పంపరు. దసరాకు కొత్త బట్టలు, సద్దుల బతుకమ్మకు పట్టుచీరలు, సంక్రాంతికి హైవే పొడుగునా బారులు తీరిన కార్లు. పెద్ద పండుగలకు మనం ఏ లోటూ చేయడం లేదు. మరి తొలి ఏకాదశి నాడు పేలపిండి దంచి పక్కింటికి గిన్నెడు పంపిన ఇండ్లు మన వాడలో ఎన్ని? పెత్రమాసకు ముందు బొడ్డెమ్మను పెట్టిన వాకిలి ఒక్కటైనా ఉందా? మిరుగం నాడు బెల్లంలో ఇంగువ పెట్టి పిల్లల నోట్లో వేసే అమ్మమ్మలు ఎందరు మిగిలారు? పీర్ల గుండం దగ్గరికి ఒకప్పుడు ఊరంతా వచ్చేది. ఇప్పుడు ఎవరెవరు రావడం మానేశారో, ఎందుకు మానేశారో ఎవరైనా అడిగారా?

పాతకాలం మీద మమకారంతో అడుగుతున్న ప్రశ్నలు కావివి. డబ్బుంటే పెద్ద పండుగ ఎవరైనా చేస్తారు. మండపం, లైట్లు, డీజే, ఫ్లెక్సీ అన్నీ కిరాయికి దొరుకుతాయి. డబ్బుతో పని లేని, టీవీలో కనిపించని, ఏ నాయకుడూ శుభాకాంక్షలు చెప్పని పండుగను నలుగురూ కలిసి చేసుకుంటున్నారా లేదా అన్నదాన్ని బట్టే ఊరి మనసు తెలుస్తుంది. ఆ పరీక్షలో మనం తప్పుతున్నాం. ఏ ఒక్కరి తప్పో అయితే ఒకరిని నిలదీయొచ్చు. ఇది అందరం కలిసి చేస్తున్న తప్పు. దిద్దుకోవడం కూడా అందరం కలిసే చేయాలి.

ఎవరి పండుగ ఎవరికి

మన ఊళ్ల చిన్న పండుగలను వరుసగా చూడండి. ఒక్కో పండుగ ఒక్కొక్కరిని గుర్తు చేసుకోవడానికే ఉన్నట్టు కనిపిస్తుంది. ఏరువాక పున్నమి ఎద్దుల కోసం. ఆ రోజు వాటిని కడిగి, కొమ్ములకు రంగులు పూసి, కడుపునిండా పెట్టి, ఆ తరువాతే అరక కట్టేవారు. మిరుగం వానలోకి అడుగుపెడుతున్న ఒంటి కోసం. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె రాగానే ఇంటింటా చేపల కూర ఉడికేది. బొడ్డెమ్మ పెండ్లి కాని ఆడపిల్లల కోసం. పెత్రమాస పోయిన పెద్దల కోసం. ఆ రోజు వాళ్ల పేరు తలచుకొని బియ్యం, కూరగాయలు దానమిస్తారు. దేవరకొండ వైపు తండాల్లో శ్రావణంలో తీజ్ వస్తుంది. పెండ్లి కాని లంబాడీ ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. ఆ తొమ్మిది రోజులూ తండాలో పెత్తనం ఆ పిల్లలదే.

ఎద్దు, ఒళ్లు, ఆడపిల్ల, పోయిన తాత, పక్క తండా. ఏడాది పొడుగునా ఎవరో ఒకరి వంతు వస్తూనే ఉంటుంది. బడిలో పంతులు హాజరు పిలిచినట్టు, ఊరు తన మనుషులను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుచుకునే పద్ధతి ఇది. పెద్ద పండుగలో ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో తెలియదు. చిన్న పండుగలో ఒక్క మనిషి రాకపోయినా తెలిసిపోతుంది. ‘పెద్దమ్మ ఇయ్యాల ఎందుకు రాలే?’ అని ఒక పిల్లవాడిని ఆమె ఇంటికి తోలుతారు. పెద్దమ్మకు జ్వరమని అప్పుడు తెలుస్తుంది. అప్పుడే గంజి పోతుంది, గోలీ పోతుంది. చిన్న పండుగలు పోతే పోయేది పిండివంటలొక్కటే కాదు. ఆ పిల్లవాడిని పెద్దమ్మ ఇంటికి తోలే అలవాటు కూడా పోతుంది.

తొలి ఏకాదశినే తీసుకుందాం. ఆషాఢ శుద్ధ ఏకాదశి. మన వైపు దాన్ని పేలాల పండుగ అంటారు. జొన్నలకు కాస్త తడి తగిలించి ఆరనివ్వాలి. మంగలం పొయ్యి మీద పెట్టి, అది బాగా కాగినాక గుప్పెడు గుప్పెడుగా జొన్నలు పోసి కలియబెట్టాలి. చిటపటమంటూ పేలి తెల్లగా విచ్చుకుంటాయి. పేలని గింజలను చాటతో చెరిగి తీసేసి, పేలాలను రోట్లో దంచి, బెల్లం, యాలకులు కలిపితే పేలపిండి. ఎండలు పోయి వానలు పడే వేళ ఒంటికి మంచిదని పెద్దలు చెప్పేవారు. ఒక్క మనిషే కూర్చొని చేస్తే విసుగొచ్చే పని అది. ఒకరు మంగలం చూసుకుంటే ఒకరు చెరగాలి, ఇంకొకరు దంచాలి. రోలు ఒకరింట్లో ఉంటే మంగలం మరొకరింట్లో. అందుకే పేలాల పండుగ ఏ ఇంటికి ఆ ఇంటిదిగా ఉండేది కాదు. వాడంతా కలిస్తేనే అయ్యేది.

ఇప్పుడు పేలపిండి పాకెట్లలో దొరుకుతుంది. కొనుక్కోవడం తప్పేమీ కాదు. ఓపిక లేనివాళ్లు, ఉద్యోగాలకు పోయేవాళ్లు కొనుక్కోవలసిందే. కానీ పాకెట్ కొంటే ఇంటికి వచ్చేది పిండి మాత్రమే. రోలు అడగడానికి పక్కింటి గడప తొక్కే పని ఉండదు. ‘మీ అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గినయా?’ అని అడిగే సందర్భం రాదు. కొన్న పిండిలో సగమైనా పక్కింటికి పోతే పండుగ మిగులుతుంది. ఆ సగం కూడా డబ్బాలో పోసి మూత పెట్టేశాం. పాపం పాకెట్‌ది కాదు.

రెండేండ్లు చేతికందిన అదృష్టం

2024లో తొలి ఏకాదశి జూలై 17న వచ్చింది. ముహర్రం పదో రోజు, మన పీర్ల పండుగ, సరిగ్గా అదే రోజు. 2025లో మళ్లీ రెండూ జూలై 6నే వచ్చాయి. రెండు పండుగలూ చంద్రుని లెక్కవే. హిజ్రీ లెక్కలో అధికమాసం ఉండదు కాబట్టి ముహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మన పంచాంగం అధికమాసం వేసుకొని రుతువులతో సరిపోతుంది. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల ఈ రెండు పండుగలూ విడిపోయే లెక్క. మళ్లీ కలవాలంటే ముప్పై ఏండ్ల పైమాటే.

వరుసగా రెండేండ్లు పేలపిండీ పీర్ల షర్బత్తూ ఒకే పొద్దున మన వాకిట్లోకి వచ్చాయి. ఎన్ని ఇండ్ల మధ్య గిన్నె పోయి గ్లాసు వచ్చింది? చాలా వాడల్లో అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే ఉండిపోయారు. ఒకే రోజు రెండు పండుగలు వచ్చాయన్న సంగతి కూడా చాలామంది గమనించలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ అడ్డుకోలేదు. మనకే తోచలేదు. ఇంత మంచి అవకాశం మన ముందుకొచ్చి పోయిందని ముందుగా ఒప్పుకుందాం.

పీర్ల పండుగ మన ప్రాంతంలో ఏనాడూ ఒక్క మతం సొత్తు కాదు. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లలో సైతం పీర్లను లేపిన చరిత్ర తెలంగాణది. క్రీస్తుశకం 680లో ఎక్కడో కర్బలాలో అన్యాయానికి తలవంచక ప్రాణమిచ్చిన హుసేన్‌ను ఇక్కడి రైతులు, గొల్లలు, గౌండ్లు, మాల మాదిగలు తమ ఇంటి దేవుడిలా చూసుకున్నారు. మొక్కుకొని దట్టీలు కట్టారు, ఊదు వేశారు, మలీద ముద్దలు పెట్టారు, గుండం చుట్టూ రాత్రంతా అడుగు కలిపి ఆడారు. నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట ఉర్సుకైనా, పాలకవీడు దగ్గర జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకైనా పోయి చూడండి. గలేఫు పట్టుకొని నిలబడ్డ మనిషిది ఏ మతమో చూపుకు తేల్చలేరు.

ఇప్పుడు రెండు వైపుల నుంచీ ఒకే మాట వినబడుతోంది. ‘పీర్ల దగ్గరికి పోవడమేంది, అది మనది కాదు’ అని ఇటువైపు కుర్రాళ్లు. ‘ఈ ఆటలు, ఈ దట్టీలు మన దీన్‌లో లేవు’ అని అటువైపు కుర్రాళ్లు. ఇద్దరూ తమ మతాన్ని శుభ్రం చేస్తున్నామనే అనుకుంటున్నారు. ఇద్దరూ కలిసి ఖాళీ చేస్తున్నది మాత్రం తాతలు వందల ఏండ్లు కలిసి నిలబడ్డ చోటును. ఎవరి విశ్వాసం వాళ్లది, బలవంతం అక్కర్లేదు. మొక్కడం ఇష్టం లేకపోతే మొక్కకండి. గుండం పక్కన నిలబడి ఒక గ్లాసు షర్బత్ తాగడానికి ఏ మతం పుచ్చుకోవాలి?

పాత పండుగతో పాత పాపం రావద్దు

చిన్న పండుగలను తిరిగి తెద్దామనగానే ‘ఆ రోజుల్లో ఊరంతా ఒక్కటే కుటుంబం’ అనేవాళ్లు బయలుదేరుతారు. ఆ మాట నిజం కాదు. మన జిల్లాలో పండుగ అంటే చాలామందికి చాకిరీ. గడీల కాలంలో దొర ఇంట్లో పండుగైనా పెండ్లైనా ఊరి మీద వెట్టి పడేది. గొల్లలు గొర్రెలను తోలాలి. కుమ్మర్లు కుండలు మోయాలి. చాకలి, మంగలి, మాదిగ ఎవరి పని వాళ్లు కూలి లేకుండా చేయాలి. దొర పండుగ అయ్యాక మిగిలిన ఓపికతో తమ పండుగ చేసుకోవాలి. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ తరువాత సంఘం ఊరూరికీ పాకింది. ‘వెట్టి చేయం’ అని జనం ఎదురు తిరిగారు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటానికి నల్లగొండ గుండెకాయ. మన పండుగను మన వాకిట్లో మనం చేసుకునే హక్కు అంత తేలిగ్గా రాలేదు.

వెట్టి పోయినా గీతలు పోలేదు. డప్పు లేనిదే ఊళ్లో ఏ పండుగా కదలదు. డప్పు కొట్టినవాళ్లకు మాత్రం పంక్తిలో చోటు వెతకాలి. పోచమ్మ బోనాల్లో ముందు ఎవరిది, వెనుక ఎవరిది అన్న పంచాయితీ నేటికీ ఉంది. బొడ్డెమ్మ ఊరి నడుమ వాకిట్లో ఆడితే, వాడ పిల్లలు దూరం నుంచి చూసి పోయిన రోజులున్నాయి. భర్త పోయిన ఆడబిడ్డను పసుపు బొట్టు దగ్గర పక్కకు జరపడం మన ఇండ్లల్లో ఇంకా జరుగుతోంది. పండుగంటే మగవాళ్లకు సెలవు, ఆడవాళ్లకు పొద్దున నాలుగు నుంచి రాత్రి పది దాకా పొయ్యి. చిన్న పండుగను నెత్తికెత్తుకునే ముందు దానికంటిన ఈ మురికిని కడగాలి. అందరికీ చోటు లేని పండుగ తిరిగి రాకపోయినా ఎవరికీ నష్టం లేదు.

పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి ఈ సంగతి ఎప్పుడో గుర్తించారు. చరిత్ర అంటే రాజుల యుద్ధాలే కాదని, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ పండుగలు చేసుకున్నారు అన్నది కూడా చరిత్రేనని 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’తో చూపించారు. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆ పుస్తకానికే దక్కింది. ‘హిందువుల పండుగలు’ అని ఆయన వేరే పుస్తకమే రాశారు. ఆ లెక్కన రేపు మన కాలం గురించి ఎవరైనా రాస్తే మన పండుగల పేజీలో ఏముంటుంది? డీజే సౌండు, ఫ్లెక్సీల మీద మొహాలు, వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి పారిన పూల బొమ్మలు. ఆ పేజీ మనమే రాస్తున్నాం.

కొత్త పండుగలకూ ఇదే గండం

పాతవి పోతే ఏమైంది, కొత్తవి వస్తున్నాయి కదా అనేవాళ్లూ ఉన్నారు. మదర్స్ డే, ఫాదర్స్ డే, ఫ్రెండ్‌షిప్ డే. రానివ్వండి. అమ్మను తలచుకునే రోజు ఎక్కడి నుంచి వస్తే ఏం? అయితే ఆ మదర్స్ డే కథ ఒక్కసారి వినాలి. అమెరికాలో అన్నా జార్విస్ అనే ఆమె తన తల్లి జ్ఞాపకంగా 1908లో దీన్ని మొదలుపెట్టింది. 1914లో ప్రభుత్వం గుర్తించింది. కొద్ది ఏండ్లకే పూల వ్యాపారులు, గ్రీటింగ్ కార్డుల కంపెనీలు ఆ రోజును సొంతం చేసుకున్నాయి. అమ్మకు సొంత చేత్తో ఉత్తరం రాయమంటే, అచ్చు వేసిన కార్డు కొని పంపుతున్నారేమని ఆమె జీవితాంతం కొట్లాడింది. తాను మొదలుపెట్టిన పండుగనే రద్దు చేయమని అడిగే దాకా పోయింది. 1948లో చనిపోయేనాటికి పూల దుకాణాలే గెలిచాయి. పండుగ కొత్తదైనా పాతదైనా, చేతులతో చేసే పనిని జేబుతో చేయడం మొదలైన రోజే దాని పని అయిపోతుంది.

ఇంకో కథ ఫ్రాన్స్‌ది. పారిస్‌లో ఒక ముసలామె తన ఫ్లాట్‌లోనే చనిపోయింది. పక్కవాళ్లకు నెలల తరువాత గానీ తెలియలేదు. ఆ సంగతి అటనాజ్ పెరిఫాన్ అనే స్థానిక నాయకుణ్ణి కలచివేసింది. 1999లో ఆయన ఇరుగుపొరుగు పండుగ మొదలుపెట్టాడు. ఏడాదికి ఒక సాయంత్రం ప్రతి బిల్డింగు వాళ్లూ కిందికి దిగి, ఎవరింటి వంట వాళ్లు తెచ్చుకొని కలిసి తినాలి. అంతే పండుగ. ఇప్పుడది ఎన్నో దేశాల్లో జరుగుతోంది. పక్కింటి మనిషి బతికున్నాడో లేదో తెలుసుకోవడానికి పారిస్ కొత్తగా ఒక పండుగను పుట్టించుకోవలసి వచ్చింది. మనకు ఏడాదికి పది ఉన్నాయి. పదింటినీ చేజేతులా పోగొట్టుకుంటున్నాం.

పారిస్ సంగతి మనకెందుకు అనుకోవద్దు. మన ఊళ్లలో ఇప్పుడు ఎన్నో ఇండ్లల్లో ఇద్దరే ముసలివాళ్లు, కొన్నింట్లో ఒక్కరే. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. డబ్బులు పంపుతారు, వీడియో కాల్ చేస్తారు, పెద్ద పండుగకు వచ్చి రెండు రోజులుండి పోతారు. ఆ పిల్లలను తిట్టి లాభం లేదు, వాళ్ల బతుకు అక్కడ. మిగతా రోజుల్లో ఆ ఇంటి తలుపు తట్టవలసింది మనం. ఊరికే తట్టాలంటే మొహమాటం. చేతిలో పేలపిండి గిన్నె ఉంటే మొహమాటం ఉండదు.

కూడలి ఊరి బాధ్యత

నార్కట్‌పల్లికి ఇంకో బాధ్యత కూడా ఉంది. ఇది కూడలి ఊరు. హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఇక్కడి నుంచే పోతుంది. అద్దంకి దారి ఇక్కడే చీలి నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా కిందికి దిగుతుంది. ఆర్టీసీ డిపో ఇక్కడుంది. కామినేని ఆసుపత్రి, మెడికల్ కాలేజీ ఇక్కడున్నాయి. రాత్రనక పగలనక ఈ ఊరి మీదుగా మనుషులు వస్తూ పోతూ ఉంటారు. ఆసుపత్రిలో పడుకున్న మనిషి కోసం బయట చాప పరుచుకున్న బంధువులు, ఇల్లు వదిలి డ్యూటీలో ఉన్న నర్సులు, డ్రైవర్లు, కండక్టర్లు, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి దాబాల్లో గిన్నెలు కడిగే కుర్రాళ్లు, హాస్టల్ పిల్లలు. వీళ్లకు ఏ పండుగా లేదు. పెద్ద పండుగ నాడు వీళ్ల పని ఇంకా పెరుగుతుంది. చిన్న పండుగ నాడు ఇంత పేలపిండి, రెండు మలీద ముద్దలు వీళ్ల చేతిలో పెట్టడానికి ఏ సంఘం తీర్మానం కావాలి?

పరాయివాళ్లతో కలిసి పండుగ ఎట్లా చేయాలో మనకు తెలియనిది కాదు. పక్కనే చెరువుగట్టు ఉంది. అమావాస్య వస్తే జడల రామలింగేశ్వరుని గుట్ట మీద నిద్ర చేయడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. రాత్రికి ఎవరి పక్కన ఎవరు చాప వేసుకున్నారో ఎవరికీ తెలియదు. పక్కన ఉన్న పిల్లకు దగ్గొస్తే ఈ పక్కవాళ్లు నీళ్లిస్తారు. తెచ్చుకున్న సద్దిమూటలో పక్కవాళ్లకూ ఇంత పెడతారు. గుట్ట మీద ఒక్క రాత్రి చేయగలిగింది గల్లీలో ఒక్క సాయంత్రం చేయలేమా?

మన జిల్లా సొంతంగా కొత్త చిన్న పండుగలు కూడా పెట్టుకోవచ్చు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన నేల ఇది. నీళ్లలో ఫ్లోరైడ్ తీసేయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ కనిపెట్టిన పద్ధతికి ప్రపంచమంతటా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు. అటువంటి పేరు ఏ జిల్లా కోరుకుంటుంది? ఆ నీళ్ల వల్ల వంగిన ఒంటితోనే జీవితమంతా పోరాడిన శివన్నగూడెం అంశల స్వామి 2023 జనవరిలో కన్నుమూశాడు. మంచినీళ్లు తొలిసారి మన ఇంటి నల్లాకు వచ్చిన రోజు ప్రతి ఊరికీ ఒకటుంటుంది. ఆ తారీఖు పెద్దలను అడిగి కనుక్కొని ఏటా ‘నీళ్ల పండుగ’ చేసుకుంటే ఎంత బాగుంటుంది! పిల్లలను కూర్చోబెట్టి, ఆ నీళ్లు రాకముందు ఎవరి కాళ్లు ఎట్లా వంగాయో, ఎవరు ఎంత దూరం బిందె మోశారో వాళ్ల నోటితోనే చెప్పించవచ్చు. చెరువు నిండి అలుగు దుంకిన నాడు ఊరంతా కట్ట మీదికి పోయి మైసమ్మకు కొబ్బరికాయ కొట్టడం మనకు ఉన్నదే. దాన్నీ నలుగురం కలిసి తినే రోజుగా చేసుకోవచ్చు. బడి పెట్టిన రోజు, ఊరికి తొలి బస్సు వచ్చిన రోజు, ఇట్లా ఊరు తనకు తానే పండుగలు పెట్టుకుంటే వాటిని ఏ కంపెనీ ఎత్తుకుపోలేదు, ఏ పార్టీ జెండా కట్టలేదు.

ఎట్లా చేద్దాం

పెద్ద ప్రణాళికలు అక్కర్లేదు. నాలుగైదు కట్టుబాట్లు పెట్టుకుంటే చాలు. ఒకటి, చందా ఉండదు. ఎవరింట్లో ఉన్నది వాళ్లు తెస్తారు. ఏమీ లేనివాళ్లు ఉత్త చేతులతో వస్తారు, వాళ్లను ఎవరూ చేతులకేసి చూడరు. రెండు, మైకు ఉండదు. మైకు లేకపోతే వేదిక ఉండదు, వేదిక లేకపోతే ముందు వరుస ఉండదు. మూడు, ఊరు వాడ తేడా లేకుండా ఒకే పంక్తి. డప్పు కొట్టినవాళ్లు ముందు తింటారు. నాలుగు, ఏ ఆడబిడ్డనూ బొట్టు చూసి పక్కకు జరపరు. ఐదు, పొయ్యి దగ్గర మగవాళ్లు కూర్చుంటారు. మంగలంలో జొన్నలు కలియబెట్టడానికి మీసాలు అడ్డురావు.

‘టైం ఎక్కడుంది?’ అంటారు. వినాయకుడికి తొమ్మిది రోజులుంది, ఐపీఎల్‌కు రెండు నెలలుంది. ఏడాదిలో పది సాయంత్రాలు లేవా? ‘ఇవన్నీ మూఢనమ్మకాలు’ అని చదువుకున్నవాళ్లు అంటారు. ఇంగువ బెల్లం మింగితే రోగాలు రావని ఎవరూ ప్రమాణం చేయమనడం లేదు. నమ్మకం లేకపోయినా మనుషులతో కూర్చోవచ్చు. ‘మా పిల్లలకు ఇవన్నీ తెలియవు’ అనేవాళ్లకు ఒక్కటే జవాబు. పిల్లలకు తెలియదంటే మనం చెప్పలేదని అర్థం. బొడ్డెమ్మకు పీట మీద పుట్టమన్ను మెట్లు మెట్లుగా కట్టడం, గన్నేరు, కట్లపూలు, బీరపూలు గుచ్చడం ఒక్కసారి చూపిస్తే పిల్లలు పట్టేస్తారు. వాడలోని పెద్దవ్వను గురువుగా కూర్చోబెట్టండి. తనకు వచ్చినదాన్ని నేర్చుకునేవాళ్లు లేక ఆ అవ్వ కూడా ఎదురుచూస్తూనే ఉంటుంది.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయినప్పుడు మనమంతా గర్వపడ్డాం. గర్వపడవలసిందే. ఇప్పుడు లండన్‌లో, డాలస్‌లో కూడా బతుకమ్మ ఆడుతున్నారు. బతుకమ్మకు ముందు తొమ్మిది రోజులు ఆడవలసిన బొడ్డెమ్మ మాత్రం మన సొంత వాకిట్లోనే మూలకు పడింది. రాష్ట్రం పండుగను పెద్దది చేయగలదు. దాన్ని ఇంటింటికీ తీసుకుపోయే పని రాష్ట్రం వల్ల కాదు. అది గల్లీ పని, మన పని.

కాబట్టి నార్కట్‌పల్లి, చెరువుగట్టు, ఔరవాణి, నెమ్మాని, అమ్మనబోలు, బ్రాహ్మణవెల్లెంల, ఈ చుట్టుపక్కల ఊళ్ల అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక్కటే మనవి. ఈ వారమే మీ గల్లీలో పది ఇండ్లవాళ్లు ఒకచోట కూర్చోండి. రాబోయే మిరుగం ఎవరి వాకిట్లో, పేలాల పండుగకు మంగలం ఎవరిది, పీర్లకు షర్బత్ ఎవరు కలుపుతారు, బొడ్డెమ్మకు పుట్టమన్ను ఎవరు తెస్తారు, ఇవన్నీ పేర్లతో సహా రాసుకోండి. ఆ కాగితం మీద వాడ నుంచి ఒక పేరు, ముస్లిం ఇంటి నుంచి ఒక పేరు, ఒంటరిగా ఉన్న ముసలివాళ్ల పేరు, ఊరికి కొత్తగా వచ్చినవాళ్ల పేరు తప్పకుండా ఉండాలి. ఆ పేర్లు లేకపోతే కాగితం చించేసి మళ్లీ రాయండి. అందరి పేర్లూ ఎక్కేదాకా ఆ పండుగ మీ గల్లీది కానట్టే లెక్క.